ప్రార్థన కొండ నుండి గుండ్లకమ్మ వరకు: ఆశీర్వాదము కొరకైన ప్రార్థనలో దేవునిపై నమ్మిక – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

క్రొత్త సంవత్సరపు ఆరాధనలో మన సంఘములలో అన్నింటికంటె ఎక్కువగా వినిపించే మాట ఆశీర్వాదము. డిసెంబరు 31 రాత్రి విశ్వాసులు వాగ్దాన వాక్యపు కార్డును రెండు చేతులతో అందుకొని, ఆ సంవత్సరమంతటికి తమ ఆశలను దానిపై నిలుపుకొంటారు. ఉద్యోగము, సంతానము, సొంత ఇల్లు, అప్పుల నుండి విడుదల, పంటకు వాన – వారి మనవులు ఇవే. ఇట్టి మనవులను చిన్నచూపు చూచుట వాక్యానుసారము కాదు. అనుదినాహారము కొరకు అడుగుమని ప్రభువే తన శిష్యులకు నేర్పించారు (మత్తయి 6:11).

అయితే అడిగినది దొరకనప్పుడు అదే విశ్వాసి కాపరి యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నా విశ్వాసము చాలలేదా?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నకు మనమిచ్చు జవాబు అతని ఆత్మీయ జీవితమును నిలబెట్టవచ్చును, కూల్చనూ వచ్చును. "ఇంకా గట్టిగా నమ్ము, ఇంకా ఎక్కువగా ఇయ్యి, తప్పక దొరుకుతుంది" అను జవాబు నేడు వేదికల మీద సులువుగా దొరుకుచున్నది. ఆ జవాబులో నమ్మిక ఒక వెలగాను, ఆశీర్వాదము ఒక సరకుగాను మారిపోవుట మనము గమనించాలి.

ఈ సందర్భములో తెలుగు ప్రసంగికులు తరచుగా చెప్పే ఉదాహరణ ఒకటున్నది. 1854లో ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థించారు. 1878లో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ రెండు సంగతులూ చరిత్రలో జరిగినవే. కాని ప్రసంగములో మొదటి వాక్యము వెంటనే రెండవ వాక్యము వచ్చుట వలన, వినువారికి అది "అడిగారు, పొందారు" అన్నట్లు తోస్తుంది. ఆ రెంటి మధ్య 24 సంవత్సరములు ఉన్నవి. ఆ సంవత్సరములలో ఏమి జరిగినదో వరుసగా చూచినయెడల, ఆశీర్వాదము కొరకు ప్రార్థించుటలో దేవునిపై నమ్మిక అనగా ఏమిటో మనకు మరింత స్పష్టమవుతుందని మేము తలంచుచున్నాము. ఈ వ్యాసములో మేము చేయగోరినది ఇదే.

1. కొండకు ముందటి పదునెనిమిది సంవత్సరములు

అమెరికను బాప్తిస్టు మిషనెరీ శామ్యూల్ ఎస్. డే, ఆయన భార్య 1836లో భారతదేశమునకు చేరుకొన్నారు. తెలుగువారి మధ్య పని ఆరంభించుమని అమెరికను బాప్తిస్టులను ప్రోత్సహించినవాడు ఒరిస్సాలో పరిచర్య చేయుచుండిన ఇంగ్లీషు మిషనెరీ ఆమోస్ సట్టన్. డే దంపతులు మొదట విశాఖపట్టణము ప్రాంతములోను, తరువాత మద్రాసులోను పనిచేసి, 1840లో నెల్లూరును తమ స్థిర కేంద్రముగా చేసికొన్నారు. వారికి తోడుగా వచ్చిన వాన్ హ్యూసెన్ దంపతులు ఆరోగ్యము చెడి 1845లో తిరిగి వెళ్లారు. కొద్దికాలమునకు డేగారు కూడా జబ్బుపడి అమెరికాకు వెళ్లవలసి వచ్చినది.

ఇన్ని సంవత్సరముల శ్రమకు కనబడిన ఫలము వేళ్ల మీద లెక్కపెట్టదగినంతే. అదే సమయములో పొరుగున బర్మాలో అదే సంస్థ పరిచర్య వలన కరెను ప్రజలు వేలకొలదిగా సంఘములో చేరుచున్నారు. లెక్కలు చూచువారికి నెల్లూరు వ్యర్థమైన ఖర్చుగా కనబడుటలో ఆశ్చర్యము లేదు. తెలుగు మిషనును మూసివేయుదమా అను ప్రశ్న 1848లోనే చర్చకు వచ్చినది. అయినను డేగారు 1849లో లైమన్ జ్యూవెట్ దంపతులను వెంటబెట్టుకొని నెల్లూరుకు తిరిగి వచ్చారు.

1853లో న్యూయార్కు రాష్ట్రములోని ఆల్బనీ పట్టణములో జరిగిన వార్షిక సభలో ఈ ప్రశ్న మరల లేచినది. మిషను కేంద్రములను నక్షత్రములతో చూపిన పటములో మన దేశపు దక్షిణ భాగమున నెల్లూరు ఒక్కటే ఒంటరిగా కనబడినది. దానిని చూపుచు ఒక వక్త చెప్పిన మాట నుండి ఈ మిషనుకు "లోన్ స్టార్", అనగా ఒంటరి నక్షత్రము, అను పేరు వచ్చినది. ఆ రాత్రి శామ్యూల్ ఎఫ్. స్మిత్ అను బోధకుడు ఆ పేరు మీద ఒక పద్యము వ్రాసి మరునాడు వినిపించారు. మిషనును కొనసాగించుటకే సభ నిర్ణయించినది.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. నెల్లూరులోని విశ్వాసులు సమృద్ధి మధ్య నిలబడి కొండ ఎక్కలేదు. పదునెనిమిదేండ్ల కొద్దిపాటి ఫలము, రెండు పర్యాయములు తప్పిన మూసివేత, మిగిలిన కొద్దిమంది పనివారు – ఇవే వారి వెనుక ఉన్నవి.

2. 1854 జనవరి 1

1853 చివరిలో జ్యూవెట్ దంపతులు నెల్లూరు నుండి ఉత్తర దిక్కున సువార్త పర్యటనకు బయలుదేరి, సుమారు 120 కిలోమీటర్ల దూరములోనున్న ఒంగోలుకు వచ్చారు. వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఉన్నారు: నర్సు అను పేరుగల బోధకుడు, జూలియా, రూతు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఈ ఐదుగురు ఊరి చెంతనున్న కొండ ఎక్కారు. ఒక కీర్తన పాడారు, యెషయా 52వ అధ్యాయములో కొండల మీద సువార్త ప్రకటించువాని పాదములను గూర్చిన భాగమును చదివారు, ఒకరి తరువాత ఒకరుగా ప్రార్థించారు. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని దేవుని అడిగారు. కొండ దిగువన నాగజెముడు కమ్ముకొనియున్న మిట్టను చూపి, అది మిషను బంగళాకు తగిన స్థలమని జ్యూవెట్‌గారు జూలియాతో ముచ్చటించినట్లు మిషను చరిత్రలు చెప్పుచున్నవి.

ఈ ప్రార్థనను మనము ఎంతో ఘనపరచుచున్నాము గనుక, దాని స్వభావమును కూడా సరిగా తెలిసికొనవలెను. మొదటిగా, అది స్పష్టమైన మనవి. "ప్రభువా, నీ చిత్తము" అని ఊరుకొనక, ఈ ఊరికి ఒక మనిషి కావాలని వారు అడిగారు. దేవునిపై నమ్మిక ఉంచువాడు తన కోరికను దాచుకొననవసరము లేదు. రెండవదిగా, అది కోతకు పనివారిని పంపుమని కోత యజమానుని వేడుకొనుడని ప్రభువు ఇచ్చిన ఆజ్ఞకు (మత్తయి 9:38) లోబడిన ప్రార్థన. వారు కోరిన ఆశీర్వాదము తమకంటె ముందుగా పరులకు చెందునది. మూడవదిగా, ఆ ఐదుగురిలో ముగ్గురు తెలుగువారు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. ఈ కథను "మిషనెరీ ప్రార్థన" అని మాత్రమే చెప్పినయెడల చరిత్రకు అన్యాయము చేసినవారమవుతాము.

ఆ దినము కొండ దిగిన తరువాత ఏ అద్భుతమూ జరుగలేదు. వారు నెల్లూరుకు తిరిగి వెళ్లి తమ పని చేసికొన్నారు.

3. పండ్రెండేండ్ల ఆలస్యము

కొండ మీద అడిగిన సేవకుడు ఒంగోలుకు వచ్చినది 1866లో. అనగా మొదటి మనవికి జవాబు రావడానికే పండ్రెండు సంవత్సరములు పట్టినది. ఆ మధ్యలో పరిస్థితి మెరుగుపడుటకు బదులు మరింత క్షీణించినది. డేగారు 1853లోనే ఆరోగ్యము పూర్తిగా దెబ్బతిని స్వదేశమునకు వెళ్లిపోయారు, మరల రాలేకపోయారు. 1862లో జ్యూవెట్‌గారు కూడా అనారోగ్యముతో అమెరికాలో ఉన్నారు. ఆ దేశములో అంతర్యుద్ధము జరుగుచుండెను. సంస్థకు నిధులు కరవు. తెలుగు మిషనును ముగింపవలెనను ఆలోచన మూడవ మారు బలముగా వచ్చినది.

అప్పుడు జ్యూవెట్‌గారు సంస్థ పంపినా పంపకపోయినా తాను తెలుగువారి యొద్దకు తిరిగి వెళ్లెదననియు, అవసరమైతే వారి మధ్యనే మరణించెదననియు తెలియజేశారు. దానికి సంస్థ కార్యదర్శి డాక్టర్ వారెన్, ఆయన వెళ్లదలచినయెడల ఆయనను క్రైస్తవ మర్యాదతో సమాధి చేయుటకైనను ఒకరిని తోడు పంపవలసినదే అని జవాబిచ్చారట. అట్లు "సమాధి చేయుటకు" దొరికిన యువకుడే జాన్ ఎవరెట్ క్లౌ. 1864 చివరిలో ఓడ ఎక్కి, 1865లో మద్రాసు చేరి, నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో ఆయన ఒంగోలులో కాపురము పెట్టారు.

దేవుడు జవాబును ఆలస్యము చేయునప్పుడు ప్రార్థించినవాని పని ఏమి? జ్యూవెట్‌గారి ప్రవర్తన మనకు ఒక జవాబునిస్తుంది. ఆయన ప్రార్థించి చేతులు ముడుచుకొని కూర్చొనలేదు. అట్లని దేవుడు చేయలేదు గనుక నేనే చేసెదనని ప్రార్థనను విడిచిపెట్టనూ లేదు. తాను అడిగిన దిక్కునకే తన జీవితమును త్రిప్పుకొని నిలిచారు. యెరూషలేము ముట్టడిలోనున్నప్పుడు యిర్మీయా అనాతోతులో పొలము కొన్నది కూడా (యిర్మీయా 32) ఇట్టి నమ్మికతోనే.

డేగారి విషయము ఇంకను లోతైనది. ఆయన 1871లో మరణించారు. 1878 నాటి గొప్ప కోతను ఆయన చూడలేదు. అట్లని ఆయన ప్రార్థన నిష్ఫలమైనదని ఎవరు చెప్పగలరు? హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము చివర చెప్పబడిన విశ్వాసవీరులు కూడా సాక్ష్యము పొందినను వాగ్దానఫలమును తమ దినములలో అనుభవింపలేదు (11:39). అడిగినవాడు చూచితేనే ప్రార్థన నెరవేరినట్లు అను లెక్క లేఖనములలో లేదు.

4. జవాబు వచ్చిన త్రోవ

1867 జనవరి 1న, కొండ మీది ప్రార్థనకు సరిగా పదమూడేండ్లకు, ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడినది. అయితే జవాబు వచ్చిన త్రోవ ఎవరూ ఊహించినది కాదు. ఆనాటి అనేక మిషనుల వలెనే ఒంగోలులోను అగ్రవర్ణములు మొదట క్రీస్తును అంగీకరించినయెడల తక్కినవారు వెంబడించెదరను ఆశ ఉండెను. మిషను పాఠశాలకు బ్రాహ్మణుల, వర్తకుల పిల్లలు వచ్చుచుండిరి.

అంతలో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ సహోదరుడు రంగములోనికి వచ్చారు. తోళ్ల వ్యాపారము మీద ఉత్తర ప్రాంతములకు వెళ్లినప్పుడు ఆయన సువార్త విన్నారు. అంతకు ముందే సత్యమును వెదకుచు యోగమార్గమును అభ్యసించిన వ్యక్తి, కొందరికి గురువు కూడా. ఆయన, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మము పొందారు. 1867 జనవరిలో క్లౌగారు ఒంగోలుకు పడమరనున్న ఆయన గ్రామ ప్రాంతమునకు వెళ్లి, కొన్ని దినముల కూడికల తరువాత 28 మందికి బాప్తిస్మమిచ్చారు. వారిని విశ్వాసములోనికి నడిపినది ప్రధానముగా పేరయ్యగారి బోధయే.

మాదిగలను సంఘములో చేర్చుకొనినయెడల తాము రామని, తమ పిల్లలను పాఠశాలకు పంపమని అగ్రవర్ణములవారు తెలియజేశారు. ఏమి చేయవలెనో తోచని ఆ సమయములో, క్లౌగారు ఒక గదిలోను, ఆయన భార్య హారియెట్ మరియొక గదిలోను వేర్వేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికీ 1 కొరింథీ 1:26–29 వచనములే కనబడినవని ఆయన జ్ఞాపకము చేసికొన్నారు. లోకములో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. వారు ఆ వాక్యమునకు లోబడి, వచ్చినవారిని చేర్చుకొన్నారు. పాఠశాల ఖాళీ అయినది.

బైబిలును తెరచి కనబడిన వచనమును దైవాజ్ఞగా తీసికొను అలవాటును మేము ఇక్కడ ప్రోత్సహించుట లేదు. మేము చూపగోరునది వేరొకటి. ఒంగోలు కొరకు ఆశీర్వాదము అడిగినవారికి ఆశీర్వాదము గడపలోనికి వచ్చినది. కాని దానిని చేర్చుకొనుటకు తాము ఆశీర్వాదమని అనుకొన్నదానిని పోగొట్టుకొనవలసి వచ్చినది. అడుగుటకు నమ్మిక కావాలి. వచ్చినదానిని గుర్తుపట్టి చేర్చుకొనుటకు అంతకంటె ఎక్కువ నమ్మిక కావాలి. మన సంఘములలో ఎందరో దళిత కుటుంబములకు క్రైస్తవ చరిత్ర ఇక్కడ నుండియే ఆరంభమవుచున్నది గనుక, ఇది మనకు కేవలము పాఠము కాదు, మన వంశావళి.

5. కరవు, కాలువ, పదునైదు నెలలు

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని మహా కరవు పీడించినది. వానలు తప్పినవి, పశువులు చచ్చినవి, ఆకలికి తోడు కలరా, మశూచి వ్యాపించినవి. లక్షలాదిమంది మరణించారు. భూమి లేని కూలీలు, చర్మకారులు అందరికంటె ముందు నలిగిపోయారు. సంఘములోని విశ్వాసులు ఎక్కువగా వారే.

కరవు పనుల క్రింద ప్రభుత్వము బకింగుహాము కాలువ త్రవ్వకమును చేపట్టినది. క్లౌగారు యౌవనములో భూమి సర్వే పని నేర్చినవారు. ఆయన మూడున్నర మైళ్ల కాలువ త్రవ్వించు కంట్రాక్టు తీసికొని, వేలమందికి కూలి దొరకునట్లు చేశారు. మిషను బోధకులు మేస్త్రీలుగా నిలిచి పని చేయించారు. విరామ సమయములో తట్ట, పార ప్రక్కన పెట్టి కూర్చున్నవారికి వాక్యము చెప్పేవారు. అలసిన వారలారా నా యొద్దకు రండి అను ప్రభువు పిలుపు (మత్తయి 11:28) ఆ మట్టికట్టల మీద ఎట్లు వినబడియుండునో మనము ఊహింపవచ్చును.

త్వరలోనే అనేకులు బాప్తిస్మమియ్యుమని అడుగసాగారు. ఇక్కడనే ఈ చరిత్రలో మిక్కిలి ముఖ్యమైన సంగతి ఉన్నది. కూలి, సహాయము ఇచ్చుచున్నంత కాలము బాప్తిస్మమియ్యకూడదని క్లౌగారు నిశ్చయించుకొన్నారు. 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు, పదునైదు నెలలు, ఎవరికీ బాప్తిస్మమియ్యలేదు.

దీని బరువును కాపరులు తేలికగా గ్రహింపగలరు. నలుబది ఏండ్లుగా మిషను ప్రార్థించినది ఈ దినము కొరకే. వేలమంది తమంతట తామే వచ్చి అడుగుచున్నారు. అమెరికాకు వ్రాయు నివేదికలో చూపుటకు ఇంతకంటె గొప్ప సంఖ్య దొరకదు. అయినను, అన్నమిచ్చు చేయే బాప్తిస్మమిచ్చినయెడల ఎవరు దేనికొరకు వచ్చుచున్నారో ఎవరికీ తెలియదు, అడుగువానికే తెలియకపోవచ్చును. అందువలన ఆయన ఆగారు. కూలి మాత్రము ఆపలేదు. సహాయమునకు విశ్వాసమును షరతుగా పెట్టలేదు. విశ్వాసమునకు సహాయమును ఎరగా చూపలేదు.

మేము దీనిని ప్రార్థనాపరమైన నమ్మికకు గొప్ప నిదర్శనముగా ఎంచుచున్నాము. దేవుడు ఇచ్చునది నిజమైనదైతే అది పదునైదు నెలలు ఆగినందువలన చెడిపోదు అని నమ్మినవాడే అట్లు ఆగగలడు. నమ్మిక లేనివాడు ఆశీర్వాదము చేజారిపోవునని భయపడి వెంటనే పట్టుకొంటాడు.

6. వెల్లంపల్లి రేవు, 1878 జూలై 3

1878 నడుమ కాలువ పనియు సహాయపు పంపిణీయు ముగింపునకు వచ్చినవి. ఒంగోలుకు సుమారు పది మైళ్ల ఉత్తరమున గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లిలో క్లౌగారు బోధకులను కూడివచ్చుటకు పిలిచారు. పిలువని జనులు వేలకొలదిగా వచ్చారు. ఇక ఇచ్చుటకు డబ్బు లేదని ఆయన స్పష్టముగా చెప్పారు. తమకు డబ్బు అక్కరలేదని, తాము కష్టపడి పనిచేయువారమని కాయలు కాచిన తమ చేతులే చెప్పునని, వచ్చే పంట కూడా పోయినయెడల చావవలసివచ్చినను క్రీస్తువారముగా చావగోరుచున్నామని వారు బదులిచ్చినట్లు క్లౌగారు తరువాత తెలియజేశారు.

ఈ మాటను ఆశీర్వాదమును గూర్చిన మన బోధల ప్రక్కన పెట్టి చూడవలెను. రాబోవు పంటను గూర్చి వారికి ఏ హామీయు లేదు. "క్రీస్తును నమ్మితిమి గనుక వాన పడును" అని వారు అనలేదు. అంజూరపు చెట్టు పూయకపోయినను, శాలలో పశువులు లేకపోయినను యెహోవాయందు ఆనందించెదనన్న హబక్కూకు (3:17–18) పలికినదానిని, పశువులు నిజముగానే చచ్చిన దొడ్ల నుండి వచ్చినవారు తమ భాషలో పలికారు.

బోధకులు తమ తమ గ్రామములవారిని వేరువేరుగా కూర్చుండబెట్టి విచారించారు. తెలియనివారిని, సందేహము కలిగినవారిని వెనుకకు పంపారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 701 మంది బాప్తిస్మము పొందారు. 3వ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో దిగి, ఉదయము, మధ్యాహ్నము కలిపి తొమ్మిది గంటల కాలము ఆ పని నిర్వహించారు. క్లౌగారు ఆ దినము ఎవరికీ బాప్తిస్మమియ్యలేదు. ఆ సంవత్సరాంతమునకు కొత్తగా చేరినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటినది. అదే 1878లో జ్యూవెట్‌గారు మద్రాసులోని తెలుగువారి మధ్య మరల మొదటి నుండి ఒక క్రొత్త పనిని ఆరంభించారు.

7. కొన్ని అభ్యంతరములు

ఈ చరిత్రను నిజాయితీగా బోధింపవలెనన్న కొన్ని ప్రశ్నలను ఎదుర్కొనక తప్పదు.

మొదటిది, వచ్చినవారి ఉద్దేశములను గూర్చినది. కరవు లేకపోయినయెడల వారు వచ్చెడివారా? "అన్నము కొరకు వచ్చిన క్రైస్తవులు" అను నింద నాడే ఉన్నది. అంత తొందరగా అంతమందిని చేర్చుకొనుట తగునా అని క్రైస్తవులలోనే కొందరు విమర్శించారు. పదునైదు నెలల నిలుపుదల ఆ నిందకు కొంతవరకు జవాబు. అయితే మానవ హృదయములో ఉద్దేశములు కలిసియే ఉండునని మనము ఒప్పుకొనవలెను. సామూహిక ఉద్యమములను పరిశీలించి 1933లో గ్రంథము ప్రకటించిన జె. వాస్కమ్ పికెట్ కూడా ఆత్మీయ, సాంఘిక కారణములు పెనవేసికొనియున్నట్లు చూపారు. గౌరవము కొరకు, భద్రత కొరకు, బిడ్డల చదువు కొరకు క్రీస్తు యొద్దకు వచ్చుట అవమానకరము కాదు. సువార్తలలో ప్రభువు యొద్దకు వచ్చినవారిలో ఎక్కువమంది ఏదో ఒక అక్కరతోనే వచ్చారు. ఆయన వారిని త్రోసివేయక, అక్కర కంటె ముందుకు నడిపించారు.

రెండవది ఇంతకంటె కఠినమైనది. ఆ కరవులో చనిపోయినవారి సంగతి ఏమి? వారిలో ప్రార్థించిన విశ్వాసులు లేరా? సంఘము నింపుటకు దేవుడు కరవు పంపెనని కొన్ని ప్రసంగములలో వినుచున్నాము. ఈ మాటను మేము అంగీకరింపలేము. ఒంగోలు సంఘపు లెక్కను పెంచుటకు లక్షలాదిమంది ఆకలితో చచ్చుట దేవుని ప్రణాళిక అని చెప్పుట, రొట్టె అడిగిన కుమారునికి రాతినివ్వని తండ్రిని (మత్తయి 7:9–11) అపార్థము చేసికొనుటయే. దేవుడు ఆ విపత్తులో తన ప్రజలను విడువలేదని చరిత్ర చూపుచున్నది. ఆ విపత్తు ఎందుకు వచ్చెనో మనము వివరింపబూనుకొనుట యోబు స్నేహితుల పొరపాటునే మరల చేయుట అవుతుంది.

మూడవది, ఆధారములను గూర్చినది. ఈ సంగతులు మనకు ప్రధానముగా మిషనెరీల రచనల ద్వారా అందినవి. డేవిడ్ డౌనీ వ్రాసిన మిషను చరిత్ర 1893లోను, క్లౌగారి ఆత్మకథ ఆయన మరణానంతరము 1914లోను వెలువడినవి. జయము వచ్చిన తరువాత వ్రాసినవి గనుక, వాటిలో కొండ నుండి నది వరకు త్రోవ తిన్నగా కనబడుతుంది. ఆ త్రోవలో నడచినవారికి అది అట్లు కనబడలేదు. ఆ చరిత్రలను చదువు విద్యార్థి ప్రతి సంఘటన యొద్దను ఆగి, "ఆ దినమున వీరికి ఏమి తెలిసియుండును?" అని ప్రశ్నించుకొనుట మేలు.

8. నేటి పరిచర్యకు వర్తింపు

ఈ పరిశీలన నుండి కాపరులకు, వేదాంత విద్యార్థులకు నాలుగు విషయములను మనవి చేయుచున్నాము.

ఒకటి: విశ్వాసులను ధైర్యముగాను స్పష్టముగాను అడుగనివ్వండి. కొండ మీది ఐదుగురు స్పష్టముగా అడిగారు. ఉద్యోగము కొరకు ప్రార్థించుమని వచ్చిన యువకునికి, అది శరీరసంబంధమైన మనవి అని నీతులు చెప్పనవసరము లేదు. అతనితో కలిసి మోకరించండి.

రెండు: కాలమును దేవుని పక్షమున మనము నిర్ణయింపకుందము. "ఈ సంవత్సరమే", "ఇరువదియొక్క దినములలో" అని వేదిక మీద ప్రకటించు వాగ్దానములు దేవుడు మనకు అప్పగించినవి కావు. 1855లో ఎవరైనను ఒంగోలును లెక్కించినయెడల ఆ ప్రార్థన విఫలమైనదనే వ్రాసియుందురు.

మూడు: ఆశీర్వాదమును కానుకతో ముడివేయకుందము. అక్కరలోనున్నవాడు నమ్మినందుకు సహాయము, ఇచ్చినందుకు దీవెన అని నేర్పినయెడల, క్లౌగారు పదునైదు నెలలు ఆపినదానిని మనము ఒక్క ఆదివారములో విడిచిపెట్టినట్లే. భోగముల కొరకు దురుద్దేశముతో అడుగుటను గూర్చి యాకోబు ఇచ్చిన హెచ్చరిక (4:3) అడుగువారికే గాక, అడిగించువారికి కూడా వర్తించును.

నాలుగు: అడిగినది పొందనివారికి కూడా సంఘములో సాక్ష్యమిచ్చు స్థలము ఉండవలెను. మన సాక్ష్యపు కూడికలలో స్వస్థత పొందినవారు, ఉద్యోగము దొరికినవారు మాట్లాడుదురు. సంతానము కలుగక, జబ్బు నయము కాక, అయినను ప్రభువును విడువక ప్రతి ఆదివారము వెనుక వరుసలో కూర్చుండు సహోదరి ఎన్నడూ మాట్లాడదు. శామ్యూల్ డే కూడా ఆ వరుసలోనివారే. ఆమె నమ్మికను సంఘము ఎదుట గౌరవించుట వలన, ఆశీర్వాదమును గూర్చిన మన బోధ చక్కబడుతుంది.

ముగింపు

"అయ్యగారూ, నా విశ్వాసము చాలలేదా?" అని అడిగినవానికి ఏమి చెప్పుదము? ఒంగోలు చరిత్ర ఆధారముగా మేము చెప్పగలిగినది ఇది. ఆలస్యము విశ్వాసలోపమునకు గురుతు కాదు. నీవు అడిగినదానిని విడువకుము, నీ పనిని మానకుము, జవాబు నీవు ఎదురుచూడని మనుష్యుల రూపములో వచ్చినయెడల తలుపు వేయకుము. అది నీ దినములలో రాకపోయినను, నీవు అడిగినవాడు నమ్మదగినవాడు. వెల్లంపల్లి రేవులో నిలిచినవారు రేపటి పంటను చూడకయే ఆయనను నమ్మారు. ఆశీర్వాదము కొరకు ప్రార్థించు మన సంఘములు వారి నుండి నేర్చుకొనవలసినది, వారి సంఖ్య కంటె వారి ఆ నమ్మికనే.